కిబాలెలో చింపాంజీలు కచ్చితంగా కనిపిస్తాయా?

ప్రశ్న: జులైలో ఉగాండా వెళ్తున్నాం. కిబాలె నేషనల్ పార్కులో చింపాంజీలను చూడాలని ఉంది, పర్మిట్లు ఇంకా తీసుకోలేదు. మనిషికి 250 డాలర్లట! అంత పెట్టాక అవి కనిపించకపోతే? ఇంకోటి, మా వారికి ప్రయాణమంటే చాలు జలుబు చేస్తుంది. మాత్ర వేసుకుని వెళ్లిపోవచ్చా?

జవాబు: కనిపించవేమోనన్న టెన్షన్ పెద్దగా అక్కర్లేదండీ. ఆ అడవిలో దాదాపు 1,500 చింపాంజీలున్నాయి, అందులో కన్యాంచు అనేచోట, అంటే సందర్శకులు నడక మొదలుపెట్టే చోట ఉండే గుంపు ఏళ్ల తరబడి మనుషులకు అలవాటు పడింది, రేంజర్లు వాటి అరుపులు పట్టుకుని దారి తీస్తారు. అయినా గ్యారంటీ ఎవరూ ఇవ్వరు. కనిపించాక మీకుండేది ఒక్క గంట. అందులో సగంసేపు, ఎక్కడో కొమ్మల్లో అత్తిపళ్లు తింటున్న చింపాంజీ వీపు తప్ప ఇంకేం కనపడకపోవచ్చు, మెడలు పట్టేసేలా పైకి చూస్తూ నిలబడాల్సిందే. అవి కిందికి దిగి నడక మొదలుపెట్టాయంటే మాత్రం పొదల్లోంచి వాటి వెనక మీరు పరుగెత్తాలి. ఫొటోల పిచ్చి కాస్త తగ్గించుకుంటే కళ్లారా చూడొచ్చు.

ఇక జలుబు. మాత్ర వేసుకుంటే తుమ్ములు తగ్గుతాయేమో గానీ వైరస్ ఎక్కడికీ పోదు కదా. 2013లో ఇదే కిబాలెలో, కన్యవారా అనేచోట పరిశోధకులు గమనిస్తున్న 56 చింపాంజీల గుంపులో 5 దగ్గు, రొంపలతో చనిపోయాయి. తీరా చూస్తే కారణం రైనోవైరస్ సి, అంటే మనుషుల్లో మామూలుగా తిరిగే జలుబు వైరస్సే. మాస్కు పెట్టుకోమనేదీ, దగ్గరికి పోవద్దనేదీ అందుకే. కాబట్టి మీ వారికి ఆ రోజు ముక్కు కారుతుంటే ఆ సంగతి రేంజర్‌కు చెప్పి ఆగిపోవాలి, డబ్బు పోయినా సరే. ఈ విషయంలో మొహమాటపడి మెత్తగా చెప్పలేను. పర్మిట్ ఇంకా తీసుకోలేదన్నారు గనుక విమానం దిగిన మర్నాడే తేదీ పెట్టుకోకండి, నాలుగైదు రోజులు ఆగి పెట్టుకుంటే దారిలో అంటిన జలుబు అప్పటికి బయటపడుతుంది.

జులైలో వానలు తక్కువే అయినా రెయిన్‌కోటు ఉంచుకోండి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి, అక్కడి చీమలు గుంపుగా కాళ్లెక్కి కండ పట్టుకుంటాయి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందే వేయించుకుని, వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుతో పాటే పెట్టుకోండి.