జాబితాలో లేని గడి

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం, మూడేళ్లలో రిటైర్మెంట్. పాత గ్రామఫోన్ రికార్డులు సేకరించడం నా పిచ్చి. ఇప్పటికి 2,300 ఎల్పీలు పోగయ్యాయి, వాటిలో 1,400 దాకా ఒక్కసారి కూడా వినలేదు. వారానికి మూడు వింటే గొప్ప. అయినా నెలకి ఇరవై కొంటూనే ఉన్నాను, ఆరేడు వేలు అవుతోంది. ఇంట్లో గొడవెందుకని ఈమధ్య పార్సిళ్లు ఆఫీసుకే తెప్పించుకుంటున్నాను. రెండో బెడ్‌రూమ్ మొత్తం రికార్డులే. మా అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల, పురిటికి ఇక్కడికే వస్తుంది. ఆ గది ఖాళీ చేయమని మా ఆవిడ. "మీరు పోయాక ఇవన్నీ నేనేం చేసుకోవాలి" అని కూడా మొన్న అనేసింది. చాలా బాధేసింది. మా నాన్నగారి దగ్గర ముప్పై గ్రామఫోన్ ప్లేట్లు ఉండేవి. ఆయన పోయాక, నేను కాలేజీలో ఉండగా, ఇంట్లో వాళ్లు వాటిని స్టీలు సామాన్లవాడికి ఇచ్చేసి బిందె తీసుకున్నారు. నాది జబ్బా? ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారమండీ. మీ ఉత్తరం పైన బాగా కుదించి ఇచ్చాను, అసలు ఉత్తరం ఆరు పేజీలు. రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు పాటలంటే ప్రాణం ఉన్న మనిషి రాసినట్టే అనిపించింది. రెండోసారి చదువుతుంటే ఒక అనుమానం వచ్చి, పెన్సిల్ పట్టుకుని వెతికాను. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు తిరుపతి దేవస్థానం కోసం పాడిన ఐదు రికార్డుల సెట్టులో మీకు నాలుగోది దొరకలేదని, దానికోసం రెండేళ్లు చెన్నై మూర్ మార్కెట్ నుంచి హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ దాకా తిరిగానని ఒక పేజీ నిండా రాశారు. చివరికి ఎవరి దగ్గర దొరికిందో, ఎంత అడిగాడో, ఎంతకి దిగాడో, కవరు మూల ఎంత నలిగిందో అన్నీ రాశారు. అది ఇంటికి తెచ్చి ప్లేయర్ మీద పెట్టినప్పుడు ఎలా ఉందో మాత్రం రాయలేదు. ఎందుకంటే పెట్టలేదు. ఆ 1,400 లో అదీ ఉంది, అవునా?

ఆరు పేజీల్లో ఒక్క పాట పల్లవి కూడా లేదండి. ఎక్కడా "ఈ రాగం వింటే నాకిలా అవుతుంది" అన్న మాట లేదు. మిమ్మల్ని దెప్పడానికి అనడం లేదు, ఇదేమీ పెద్ద నేరం కాదు. నా బీరువాలో ఫాల్ కుట్టించని చీరలు తొమ్మిది ఉన్నాయి, వాటిలో ఒకటి మా అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్నది, వాడికిప్పుడు పెళ్లయిపోయింది. కాబట్టి నేను చెప్పేది గట్టుమీద కూర్చుని చెప్పేది కాదు.

మీరొక ఎక్సెల్ జాబితా గురించి గర్వంగా రాశారు. లేబుల్, నంబరు, ఏడాది, ఎక్కడ కొన్నది, ఎంతకి, కవరు పరిస్థితి, గీతలున్నాయా లేవా, ఇంకా ఏవేవో, మొత్తం పదకొండు గడులు. మూడు పుస్తకాల మీద సంతకాలు పెట్టించే బ్యాంకు మనిషి పద్ధతి కనిపిస్తూనే ఉంది. ఆ పదకొండులో "విన్న తేదీ" అన్న గడి లేదు. ఇవాళ రాత్రి పన్నెండో గడి పెట్టండి. సలహా అంతా ఇందులోనే ఉంది, మిగిలింది కేవలం నా వాగుడు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

లెక్క చూద్దాం, మీకు లెక్కలంటే ఇష్టం కదా. ఎల్పీకి ఒక వైపు ఇరవై నిమిషాలు పైచిలుకు, రెండు వైపులా కలిపి నలభై అనుకుందాం. వినని 1,400 రికార్డులు వారానికి మూడు చొప్పున వింటే తొమ్మిదేళ్లు. మీకు 66 వస్తాయి. అదే రిటైరయ్యాక రోజుకొకటి వింటే నాలుగేళ్లు కూడా పట్టదు. అంటే కొండేమీ కాదు, దాటగలిగిందే. కానీ మీరు నెలకి పన్నెండో పదమూడో వింటూ ఇరవై కొంటున్నారు, పైగా ఆ విన్నవన్నీ కొత్తవి కాదు, సగం పాతవే మళ్లీ వింటానని మీరే రాశారు. కుళాయి కట్టకుండా తొట్టిలో నీళ్లు చెంబుతో తోడుతున్నట్టుంది. ఇంత లెక్కా చెప్పి ఇప్పుడు దాన్ని చెరిపేస్తున్నాను, ఏమీ అనుకోకండి: వాటిని "పూర్తి చేయాలి" అనుకున్నారో, అవి మీ టేబుల్ మీద పెండింగ్ ఫైళ్లయిపోతాయి. పాట ఒకసారి విని టిక్కు పెట్టేది కాదు. ఆ తేదీ గడి మీకు గడువు చెప్పడానికి పెట్టింది కాదండి, కొత్తది కొనబోయే ముందు ఒకసారి ఖాళీగా కనిపించడానికి పెట్టింది.

ఎందుకిలా అవుతుందంటే, కొనడం ఐదు నిమిషాల పని. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫొటో పెడతారు, ముందు "బుక్డ్" అని కొట్టినవాడిదే రికార్డు, గుండె దడదడలాడుతుంది, గెలిచామనిపిస్తుంది. వినడం అలా కాదు. నలభై నిమిషాలు ఒకచోట కూర్చోవాలి, మధ్యలో లేచి ప్లేటు తిప్పాలి, ఫోను పక్కన పెట్టాలి. రోజంతా కౌంటర్ల గొడవలూ టార్గెట్లూ పడి ఇంటికొచ్చిన మనిషికి ఆ నలభై నిమిషాలు లేవు. కానీ ఒకరోజు ఉంటాయని ఆశ. రికార్డుతో పాటు ఆ రోజుని కూడా కొనేస్తున్నారు మీరు, మూడొందలకో నాలుగొందలకో. రిటైరయ్యాక హాయిగా పడక్కుర్చీలో కూర్చుని వింటాననే ఆ మనిషి కోసం కొంటున్నారు. ఆ మనిషికి కూడా రోజుకి ఇరవైనాలుగు గంటలే ఉంటాయండి, మనవడో మనవరాలో ఒళ్లో ఉంటే ఇంకా తక్కువ.

ఇక మీ నాన్నగారి ప్లేట్ల సంగతి. మీరు ఉత్తరం చివర్లో రెండు ముక్కల్లో రాసి వదిలేశారు గానీ నాకు మొత్తం ఉత్తరంలో అదే పెద్దదిగా కనిపించింది. ఆ 78 స్పీడు ప్లేట్లలో ఒక వైపుకి మూడు నిమిషాలకి కాస్త అటూఇటూగా పాట ఉండేది. ముప్పై ప్లేట్లంటే అరవై పాటలు, మొత్తం మూడు గంటలు. ఆ మూడు గంటల సంగీతంతో మీ ఇల్లు ఏళ్లకేళ్లు గడిపింది. ఏ ప్లేటు మీద సూది ఎక్కడ ఇరుక్కుంటుందో, ఎక్కడ నాన్నగారు లేచి వేలితో కొంచెం తోస్తారో మీకు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. ఇది నా ఊహే, తప్పైతే తోసిపుచ్చండి: మీకు పోయింది ముప్పై, ఆ గుంత పూడ్చడానికి 2,300 పోశారు, అయినా నిండలేదు, ఎందుకంటే అవి ఆ ముప్పై కావు.

మీకు అక్కయ్య ఉన్నారని రాశారు. ఒక ఆదివారం ఆవిడకి ఫోన్ చేసి ఇద్దరూ కలిసి ఆ ముప్పై ప్లేట్ల పేర్లు రాయండి. ఎవరికి ఎన్ని గుర్తొస్తే అన్ని. నాటకం పద్యాలో, హరికథో, సినిమా పాటో, ఏదైనా. ఆవిడకి మీకంటే ఎక్కువ గుర్తుంటాయి చూడండి, పెద్దవాళ్లకి ఇంట్లో మోగిన పాటలు గుర్తున్నట్టు ఇంకేవీ గుర్తుండవు. ఇకముందు మీ వేట ఏదైనా ఉంటే ఆ జాబితా కోసం ఉండనివ్వండి. ఆ వేటకి నేను అడ్డురాను. ఇంతకీ ఆ బిందె ఇప్పటికీ ఎవరింట్లోనైనా ఉందా? ఊరికే అడుగుతున్నాను.

జబ్బా అని అడిగారు. అవసరం లేనివి కూడా పారేయలేక ఇల్లు నిండా పోగేసుకోవడాన్ని అమెరికా మానసిక వైద్యుల 2013 నాటి గ్రంథంలో విడిగా ఒక రుగ్మతగా చేర్చారు. దాని గుర్తులు ఏమిటంటే, ఒకటి ఇచ్చేయాలంటేనే ప్రాణం విలవిల్లాడుతుంది, వంటింట్లో వంట, మంచం మీద నిద్ర కుదరనంతగా వస్తువులు నిండిపోతాయి, రోజువారీ బతుకు దెబ్బతింటుంది. మీ రికార్డులు అక్షరక్రమంలో ఉన్నాయి, అప్పులు లేవు, మిగతా ఇల్లు శుభ్రంగా ఉంది. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అది కాదనే అనుకుంటున్నాను. కానీ రెండు విషయాలు నాకు నచ్చలేదు. గది వాడుకోవడానికి లేకుండా పోయింది, పార్సిల్ ఆఫీసుకి వెళ్తోంది. నేను కింద చెప్పేది మూడు నెలలు ప్రయత్నించి, డూప్లికేటు ఒకటి ఇచ్చేయబోతేనే చెమటలు పట్టి నిద్ర పట్టకపోతే, అప్పుడు సిగ్గుపడకుండా సైకియాట్రిస్టుని కలవండి. మీ ఊళ్లోనే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అంత దూరం వెళ్లే ముందు మాట్లాడాలనిపిస్తే 14416 కి ఫోన్ చేయొచ్చు, ప్రభుత్వం వాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్, ఉచితం.

ఆఫీసు పార్సిళ్ల సంగతి ముందు మీ ఆవిడకి చెప్పేయండి. నెలకి ఎంతవుతోందో కూడా, సగం కోసి కాకుండా మొత్తం. ఓ పూట అరుస్తుంది, అరవనివ్వండి. "మీరు పోయాక" అన్న మాట శాపనార్థంలా తీసుకున్నారు మీరు. నాకు అలా వినపడలేదు. అరటన్ను బరువున్న సామాను (ఒక్కో రికార్డు కవరుతో కలిపి పావుకిలోకి కొంచెం తక్కువ, గుణించుకోండి), దాని విలువేమిటో తెలియదు, ఎవరికివ్వాలో తెలియదు, మోసపోతానేమోనన్న భయం. మీ నాన్నగారి ప్లేట్లు బిందెకి పోయింది కూడా ఇంట్లో వాళ్లు చెడ్డవాళ్లయి కాదు కదా, వాటి గురించి ఎవరూ వాళ్లకి చెప్పలేదు. మీ ఆవిడ అడిగింది అచ్చంగా అదే ప్రశ్న. ఒక కాగితం మీద జవాబు రాసివ్వండి: ఇవి విలువైనవి, ఇవి కాదు, ఫలానా ఇద్దరిని నమ్మొచ్చు, ఈ ధరకి తక్కువైతే ఇవ్వకు.

గది విషయంలో బేరం లేదండి. అమ్మాయి తొలి కాన్పుకి పుట్టింటికి వస్తుంటే గది లేదనడం ఉండదు. పైగా మీరు ఇంకో మాట రాశారు, సముద్రపు గాలికి కవర్లు బూజు పడుతున్నాయని అరల నిండా కలరా ఉండలు పోశానని. నాఫ్తలీన్‌తో చేసిన ఆ ఉండలు పసిపిల్లలున్న గదిలో ఉండకూడదు. జి6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పిల్లలకి ఆ ఆవిరికే రక్తకణాలు దెబ్బతిని కామెర్లు ముదరొచ్చు, ఆ లోపం ఉందో లేదో పుట్టగానే మనకి తెలియదు. కాబట్టి రికార్డులు తీసేయడమే కాదు, ఆ ఉండలన్నీ ఏరేసి, గది కడిగించి, వాసన పోయేదాకా కిటికీలు తీసి పెట్టండి. ఏడో నెల లోపల అయిపోవాలి.

ఏవి తీయాలి అంటే, డూప్లికేట్లతో మొదలుపెట్టండి. ఘంటసాలగారి భగవద్గీత మీ దగ్గర ఐదు ఉన్నాయట! ఆయన పోయిన 1974 లో బయటికొచ్చిన రికార్డు, తెలుగు ఇళ్లలో అదిలేని ఇల్లు తక్కువ, అంతగా అమ్ముడుపోయినదాన్ని ఐదు దాచడం ఎందుకో మీకే తెలియాలి. ఒకటి ఉంచుకోండి. తర్వాత లాటుగా బస్తాలో కొన్నప్పుడు వెంట వచ్చినవి, మీరే "ఏమిటో తెలియదు" అని రాసుకున్నవి ఉన్నాయి కదా, అవి. శాస్త్రీయ సంగీతం ఉన్నవాటికి విజయనగరం సంగీత కళాశాలని అడిగి చూడండి, 1919 లో మొదలైనది, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ తర్వాత పనిచేసిన చోటు. మీకు గంటన్నర దూరం. కానీ ముందు అడగండి, వాళ్లకి పెట్టే చోటుందా, వాయించే ప్లేయరుందా అని, అంతేగానీ ఆటోలో వేసుకెళ్లి గుమ్మంలో దించి రాకండి. మిగిలినవి ఆ గ్రూపులోనే అమ్మండి. కొన్న ధర రాదు. రాకపోతే పోనివ్వండి, పట్టుబట్టొద్దు, ధర కోసం ఆగితే గది ఖాళీ అవ్వదు.

"అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి అప్పుడు ఇచ్చేస్తాను" అంటారేమో, నాకు ముందే తెలుసు. నలభై నిమిషాల రికార్డు ఎక్కించడానికి నలభై నిమిషాలే పడుతుంది. ఎక్కించేటప్పుడు అక్కడే కూర్చుని వింటానంటే సరే. వినకుండా ఎక్కించుకుంటే 1,400 రికార్డులు 1,400 ఫైళ్లవుతాయి, అంతే తేడా.

కొనడం మానేయమని చెప్పను, మీరు మానరు, మానకపోతే నాకు అబద్ధం రాస్తారు. వినని వాటిలోంచి మూడు విని, తేదీలు వేశాకే ఒకటి కొనండి. ఈ పురుళ్లూ పుణ్యాహాలూ అయ్యేదాకా అసలు ఆ గ్రూపు మ్యూట్‌లో పెట్టేస్తే ఇంకా మంచిది.

ఇంకొకటి. రాత్రి భోజనాలయ్యాక తలుపేసుకుని ఆ గదిలో కూర్చుంటారని, రికార్డులు తుడిచి, కవర్లు మార్చి, జాబితా దిద్దుకుంటారని రాశారు. బయట మీ ఆవిడ టీవీ చూస్తూ ఉంటుంది. ఆవిడకి లోపల పాట మోగుతున్న చప్పుడు కూడా వినపడదు, అట్ట కవర్ల చప్పుడే. ప్లేయర్ హాల్లోకి తెచ్చేయండి. వచ్చే ఆదివారం పొద్దున్నే, ఆవిడ కాఫీ కలిపే వేళకి, రెండేళ్లు తిరిగి తెచ్చారే ఆ నాలుగో రికార్డు, అది పెట్టండి. ఆవిడని పిలవక్కర్లేదు, చాలు, మోగనివ్వండి.

అన్నట్టు, మిగిలినవాటి అర హాల్లో పెట్టేటప్పుడు పడమటి కిటికీ పక్కన పెట్టకండి, మధ్యాహ్నం ఎండకి వంగిపోతాయి. ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలబెట్టండి. ఆ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు, కానీ సర్దేది మీ ఆవిడా మీరూ కలిసైతే ఆవిడకి కూడా చెప్పండి.