సమాధానం: అడ్వెంట్‌లోనే పశువుల తొట్టి చెప్పేస్తే క్రిస్మస్‌కి ఏం మిగులుతుంది?

బ్రదర్, అడ్వెంట్ (క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల కాలం) రాగానే, నవంబరు ఆఖర్లోనే బెత్లెహేములో యేసు పుట్టిన కథ మొదలుపెట్టేస్తున్నామని, డిసెంబరు 25 వచ్చేసరికి కొత్తగా చెప్పడానికి ఏమీ ఉండట్లేదని రాశారు. ఒడిశాలో గుణుపురం వైపు మాకూ ఇదే టెన్షన్. యూత్ క్యారల్స్ డిసెంబరు మొదట్లోనే బయల్దేరతాయి కదా, ప్రసంగం కూడా వాటి వెంట పరిగెడుతుంది. వాళ్లని పాడుకోనివ్వండి, మీరు మాత్రం వాక్య పట్టిక, అంటే ఏ ఆదివారం ఏ బైబిలు భాగం చదవాలో చెప్పే పట్టిక, పట్టుకోండి.

మూడేళ్ల పట్టికలో మత్తయి సంవత్సరం (ముఖ్యంగా మత్తయి సువార్త చదివే ఏడాది) తీసుకుంటే మొదటి ఆదివారం 24:36-44, అంటే యేసు పుట్టుక కాదు, ఆయన తిరిగి రావడం, రెండో రాకడ. రెండో వారం 3వ అధ్యాయం, బాప్తిస్మమిచ్చు యోహాను. ఇక్కడ తొందరపడకండి. చేట, కళ్లం, పొట్టు అన్నీ 12వ వచనంలోనే ఉన్నాయి, మన ఊళ్లలో సరిగ్గా అప్పుడే వరి నూర్పిళ్లు, వినేవాళ్ల బట్టలకి ఇంకా పొట్టు అంటుకునే ఉంటుంది, ఒడియా మాట్లాడే కుటుంబాలకి కూడా వేరే వివరించక్కర్లేదు. మూడో వారం అదే యోహాను జైల్లోంచి, వస్తాడన్నది నువ్వేనా అని యేసుని మనుషుల్ని పంపి అడిగిస్తాడు (11:2-11). అంత గట్టిగా ప్రకటించినవాడికే అనుమానం వచ్చిందని చెప్పడానికి మనవాళ్లు ఎందుకో జంకుతారు, నాకైతే అడ్వెంట్ మొత్తంలో ఇదే బలమైన భాగం. యోసేపు కల నాలుగో వారానికి.

అప్పుడు 25న లూకా 2 తాజాగా ఉంటుంది. ఆ తర్వాతి ఆదివారం పసి యేసుతో తల్లిదండ్రులు ఐగుప్తుకి పారిపోవడం, మత్తయి 2:13-23. కేరళ, సూరత్ పనుల నుంచి పండక్కి వచ్చిన కుర్రాళ్లు అప్పటికింకా ఊళ్లోనే ఉంటారు, అది వాళ్లని చూస్తూ చెప్పండి.