స్పెయిన్ ఫ్లాట్ కొంటే వీసా వస్తుందా? – సమాధానం

అన్నా, తిరుపతి స్థలం అమ్మిన డబ్బుతో స్పెయిన్‌లోని అలికాంటే తీరంలో ఫ్లాట్ కొంటే రెసిడెన్సీ వీసా వస్తుందని ఏజెంట్ అన్నాడని రాశారు. అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే ఆగండి. ఇల్లు కొంటే వీసా ఇచ్చే పద్ధతిని స్పెయిన్ 2025 ఏప్రిల్ 3తో ఎత్తేసింది. పోర్చుగల్ 2023లోనే ఆపేసింది. అతని చేతిలో పాత బ్రోచర్ ఉన్నట్టుంది. రేణిగుంట రోడ్డు వెంచర్ల బ్రోచర్లు చూసినవాళ్లం, మనకిది కొత్తా!

ఇల్లు కొనడానికి అడ్డేం లేదు. కానీ టూరిస్ట్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండగలరు. అద్దెకిస్తే మనలాంటి బయటివాళ్లకు 24% పన్ను. ఖాళీగా పెట్టినా ఏటా ఊహా ఆదాయం లెక్కగట్టి పన్ను వేస్తారు. ఇది ఏజెంట్లు చెప్పరు.

డబ్బు పంపడానికి ఒక్కొక్కరికి ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితి. వదినగారి పేరు కూడా కలిపితే రెట్టింపు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20% టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, ఐటీ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, టెన్షన్ వద్దు. ఆ ఇంటిని ఏటా రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్లో చూపించండి. మరిస్తే 10 లక్షల పెనాల్టీ పడొచ్చు. లాయర్‌ని మాత్రం మీరే వెతుక్కోండి, ఏజెంట్ చూపించినతను వద్దు.