మీరడిగారు: రిటైరైన యుద్ధనౌక చివరికి ఏమవుతుంది?

పిల్లలకి ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూపించాం. దాన్ని ఇన్నేళ్లుగా కాపాడుకుంటున్నవాళ్లం, 1971 యుద్ధంలో అంత పేరు తెచ్చుకున్న విమానవాహక నౌక విక్రాంత్‌ని తుక్కుకి ఎలా అమ్మేశామండీ? తలుచుకుంటే కడుపు మండుతోంది.
– ఒక పాఠకురాలు

మండాల్సిందే. కాకపోతే విక్రాంత్‌ని ఎవరూ పట్టించుకోలేదంటే మాత్రం ఒప్పుకోను. 1997లో రిటైరయ్యాక ముంబైలో మ్యూజియంగా ఉంచారు, 2012లో ఇక లోపలికి జనాన్ని పంపడం ప్రమాదమని మూసేశారు, 2014లో దాదాపు 60 కోట్లకి అమ్మేశారు, ఆపమని వేసిన పిటిషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా నిలవలేదు. అసలు విలన్ ఉప్పునీళ్లు. ఓడ నీళ్లలో ఉన్నంతకాలం అడుగుభాగాన్ని తుప్పు తింటూనే ఉంటుంది, కొన్నేళ్లకోసారి నీళ్లు తోడేసే రేవులోకి, అంటే డ్రైడాక్‌లోకి ఎక్కించి గీకి రంగులేయాలి, అంత పెద్ద ఓడకి ఆ ఖర్చు టికెట్ల డబ్బుతో తీరేది కాదు. రిబ్బన్ కత్తిరించడానికి అందరూ వస్తారు, పదేళ్ల తర్వాత రంగు డబ్బాలకి డబ్బులడిగితే ఒక్కరూ కనపడరు!

కురుసుర నిలబడిందంటే దాన్ని నీళ్లలోంచి బయటికి లాగి ఒడ్డున కాంక్రీటు దిమ్మెల మీద కూర్చోబెట్టారు కాబట్టే. 2001 ఫిబ్రవరిలో రిటైరైంది, 2002 ఆగస్టుకల్లా జనానికి తెరిచారు. పొడవు 91 మీటర్లే, చూసుకోవడం మన చేతిలో పని. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి కంతలోంచి ముందు కాలు పెట్టి, తర్వాత నడుం వంచి దూరాలి, మీ పిల్లలు సరదా పడే ఉంటారు, నాలాంటి భారీకాయులకే ఇబ్బంది.

మరి ఇంకో విమానవాహక నౌక విరాట్ విశాఖ వస్తుందన్నారు, రాలేదేం?

మన రాష్ట్రం అడిగింది, తర్వాత మహారాష్ట్ర 2018లో దాన్ని మ్యూజియం చేసే 852 కోట్ల ప్లాను ఒప్పుకుంది, రెండూ కాగితం దాటలేదు. 2017 మార్చిలో రిటైరైన ఓడని 38.54 కోట్లకి తుక్కు వ్యాపారులు కొన్నారు, 2020 సెప్టెంబరులో గుజరాత్‌లోని అలంగ్ చేరింది. అక్కడ ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. పెద్ద పోటు వచ్చినప్పుడు ఓడని ఒడ్డుకి తోసేస్తారు, నీళ్లు వెనక్కి పోయాక అది బురదలో కూరుకుని నిలబడుతుంది, ఇక గ్యాస్ కట్టర్లతో ముక్కలు కోసుకుంటూ పోవడమే. పాత ఓడల్లో వేడి తగలకుండా పెట్టిన ఆస్‌బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకి చేటు. ఆ గొడవ మీదే 2006లో ఫ్రాన్స్ తన పాత యుద్ధనౌక క్లెమెన్సోని అలంగ్ దారిలోంచి వెనక్కి పిలిపించుకుంది, చివరికి దాన్ని ఇంగ్లండ్‌లో విరగ్గొట్టారు.

అమెరికా వాళ్లది ఇంకో దారి. ఒరిస్కనీ అనే విమానవాహక నౌకని 2006లో శుభ్రం చేసి, ఫ్లోరిడా దగ్గర కావాలనే ముంచేశారు, చేపలు గూడు కట్టుకోవడానికి. ఇప్పుడు డైవర్లు వెళ్లి చూసొస్తున్నారు. నన్నడిగితే తుక్కు కంటే ఇదే నయం.

ఆ ఇనుమంతా ఎక్కడికి పోతుంది?

చాలావరకు కరిగించి మళ్లీ వాడతారు. విక్రాంత్ లోహం కొంత బజాజ్ వాళ్లు కొని 2016లో వి15 బైకుల పెట్రోలు ట్యాంకుల్లో కలిపారు. ఇంకో విచిత్రం: 1945 నుంచి అణు పేలుళ్ల వల్ల గాలిలో రేడియోధార్మికత కలిసి, కొత్త ఉక్కులోకీ అది చేరింది. అందుకే చాలా సున్నితమైన కొలత పరికరాలకి అంతకుముందు తయారైన ఉక్కు కావాల్సొచ్చేది, దాని కోసం 1919లో స్కాట్లండ్ దగ్గర జర్మన్లు తామే ముంచేసుకున్న యుద్ధనౌకల్లోంచి ముక్కలు పైకి తీసేవాళ్లు.