చెప్పకుండా మోగించి చూడు

చిన్నీ,

హాస్పిటల్ మెషీన్ల అలారాలకు కొత్త శబ్దాలు చేసే పనిలో చేరావట, మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు ఐసీయూలో ఆ కూతల మధ్య బతికినదాన్ని. గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. రాత్రంతా నిద్ర లేదు.

మెడికల్ మెషీన్ల అలారాలకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601-1-8 చదువు. ప్రాణం మీదికొస్తే పది బీపులు, కాస్త ఆగగలిగితే మూడు. ఇలాంటివి నేను చెప్పక్కర్లేదు.

నేను చెప్పాల్సింది వేరే. ఒక రాత్రి మూడు దాటింది. కూత వినపడింది. ఆ పక్క బెడ్ సిరంజి పంపు సాయంత్రం నుంచీ మోగుతూనే ఉంది, మళ్లీ అదేననుకున్నా. "వస్తున్నా ఉండవే" అని పంపునే కసురుతూ మందు నింపుకుని వెళ్లాను. తీరా చూస్తే పంపు మామూలుగా నడుస్తోంది. వెనక్కి తిరిగితే రెండో బెడ్‌లో వెంటిలేటర్ గొట్టం ఊడి దిండు మీద పడుంది. బుస్సుమని గాలి పోతోంది. మనిషి పెదాలు నీలం తిరుగుతున్నాయి. గొట్టం తగిలించాను. ఆయన బతికాడు. నా చేతులు మాత్రం తెల్లారేదాకా వణికాయి. పెద్ద డాక్టరు ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

తప్పు నాదే. కానీ ఆ రెండు మెషీన్లదీ ఒకటే గొంతు. పైగా సన్నటి ఒంటి స్వరం ఎటునుంచి వస్తోందో చెవికి అందదు. నాలుగు స్వరాలు కలిసిన శబ్దమైతే తల అటే తిరుగుతుంది.

అలాగని పాటలు కట్టకు. ఆ ప్రమాణం 2006 కూర్పులో ఒక్కో సమస్యకు ఒక్కో చిన్న రాగం పెట్టారు. ఏది దేనిదో మాకు గుర్తుండి చస్తేగా! వాటి వెనకున్న ఫ్రాంక్ బ్లాక్ అనే డాక్టరే తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. 2020 సవరణలో గుండెకైతే గుండె చప్పుడు, మందుకైతే మాత్రల సీసా గలగల వచ్చాయి. అలారాల మీద పరిశోధన చేసే జూడీ ఎడ్వర్తీ బృందం పరీక్షించి తెచ్చిన శబ్దాలవి. సీసా ఊపితే మందని ఎవరికైనా తెలుస్తుంది కదే!

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఏసీ గదిలో కూర్చుని "బాగుంది" అనుకోకు. అక్కడ అన్నీ బాగుంటాయి. నువ్వు చేసిన శబ్దాన్ని ఆ మంచం మీద కదల్లేని మనిషి కూడా రాత్రంతా వింటాడు.

ఈసారి వచ్చేటప్పుడు వాటిని తీసుకురా. నేను పనిలో ఉండగా చెప్పకుండా మోగించు. నాకిప్పుడు కుడి చెవి కాస్త మందగించింది. అదీ మంచిదేలే, నైట్ డ్యూటీలో ఉండేవాళ్లందరూ పాతికేళ్లవాళ్లు కారు.

వేళకి తిను.

మీ పెద్దమ్మ