హాలు పైన ఎవరు నిద్రపోతారు?

బుజ్జీ, ఆశీస్సులు.

ఆ పాత భవనాన్ని కూల్చనివ్వకుండా నువ్వూ నీ స్నేహితులూ ఆపారనీ, అందులో నాటకాలకీ నాట్యానికీ హాళ్లు, తక్కువ అద్దె ఇళ్లు చేయబోతున్నారనీ మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది. టెన్షన్‌గానూ ఉంది. పాత భవనాల మరమ్మతులు చేసి బతికినవాణ్ణి కదా, ఎంత మంచి వార్త విన్నా ముందు బీటలే గుర్తొస్తాయి.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. రంగులకన్నా ముందు కప్పు చూడండి, ఆ వెంటనే వాన నీటి గొట్టాలు. పాత వైరింగ్ మొత్తం పీకేయాల్సిందే, అక్కడ పొదుపు వద్దు. మంటలొస్తే దిగడానికి రెండో మెట్లదారి లేకుండా పైన ఎవరినీ కాపురం పెట్టనివ్వకు. సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూస్తానని మేస్త్రీ అంటే ఆపేయ్. తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి, పైకి పూత నున్నగా ఉండగానే లోపల ఇటుక పొడి అవుతుంది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. మీ అమ్మను అడిగితే తెలియదంది, నిన్నే అడుగుతున్నాను. హాలు మీద ఎవరుంటారు?

ఇలాంటి భవనమే ఇంకోటి ఉండేది. ఎక్కడన్నది అనవసరం. కమిటీవాళ్లు చాలా కష్టపడి కాపాడుకున్నారు. మధ్య అంతస్తులో అందమైన పెద్ద హాలు. నాట్యానికి ఇంతకన్నా ఏం కావాలి అనుకుని దాన్ని అలాగే ఉంచి, దాని పైనా కిందా ఇళ్లు వేశారు. ఖాళీ భవనంలో పట్టపగలు నిలబడి తీసుకున్న నిర్ణయం అది. పగలు ఉద్యోగాలు చేసేవాళ్లకు సాధన కుదిరేది సాయంత్రాలే, పసిపిల్లలు పడుకునేదీ అప్పుడే. మొదట్లో అందరూ సర్దుకున్నారు. తర్వాత తలుపు మీద టైముల బోర్డు వచ్చింది. డోలు మానేశారు, ఆ తర్వాత నాట్యం. చివరికి ఆ హాలు మీటింగులకు అద్దెకిచ్చే గది అయింది. ఎవరిని తప్పు పట్టను చెప్పు? రాత్రి డ్యూటీకి వెళ్లాల్సిన మనిషికి నిద్ర కావాలి కదా.

నన్ను పిలిచింది కాపురాలన్నీ దిగాకే. వెళ్లి చూస్తే హాలు కప్పంతా థర్మకోల్ షీట్లు! తేలిక వస్తువు శబ్దాన్ని ఆపలేదమ్మా. ఆపాలంటే బరువు ఉండాలి, రెండు పొరల మధ్య ఖాళీ ఉండాలి, ఎక్కడా సందు ఉండకూడదు. మాటా పాటా గాలిలో వస్తాయి. అడుగు దెబ్బ అలా కాదు, దూలాల్లోకి దిగి, గోడల వెంట పోయి ఎక్కడో రెండు గదుల అవతల తేలుతుంది. దానికి మందు, అసలు నేలకు నేరుగా తగలకుండా రబ్బరు దిమ్మల మీద ఇంకో నేల వేయడం. ఆ అదనపు బరువును పాత చెక్క దూలాలు మోస్తాయా? అక్కడ మోయవు. వాటిని బలపరచాలంటే నెలల తరబడి ఇళ్లు ఖాళీ చేయించాలి. వేరే దారి లేకనే ఆ అద్దెకు వచ్చినవాళ్లు, ఎక్కడికి పోతారు?

అందుకని మోత ఉండే హాలుకు పైనా కిందా ఇల్లు పెట్టకు. స్టోర్ రూములు, ఆఫీసు, బొమ్మలు వేసుకునేవాళ్ల గదులు మధ్యలో పెట్టు. ప్లాన్ ఖాయం చేసేముందు ఒక రాత్రి కింద డోలు వాయించమని, నువ్వు పైన దీపాలార్పి పడుకుని విను. సాధన వేళలు మొదటి అద్దె ఒప్పందంలోనే రాయించు, బోర్డు దాకా తేవద్దు.

న్యూయార్క్‌లో వెస్ట్‌బెత్ ఉంది, చూడు. బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థ ఖాళీ చేసిన భవనాలను రిచర్డ్ మేయర్ అనే ఆర్కిటెక్టు కళాకారుల ఇళ్లుగా మార్చాడు. 1970లో తెరిచారు, 384 ఇళ్లు. చేరినవాళ్లలో చాలామంది అక్కడే ముసలివాళ్లయ్యారు. అంటే అది గెలిచినట్టే. కానీ పాతికేళ్ల మీరంతా లిఫ్టు తర్వాత చూద్దాం అంటారు. నా మోకాళ్లను అడిగి మరీ చెబుతున్నాను, లిఫ్టు ఇప్పుడే పెట్టించు.

తక్కువ అద్దె అన్నది ఎన్నేళ్లు? కాగితంలో గడువుంటే ఆ గడువు దాటగానే మీరు కాపాడిన అందమే అద్దె పెంచడానికి కారణమవుతుంది. భూమిని అమ్మే వీల్లేకుండా ట్రస్టు పేర ఉంచే పద్ధతి ఉంది. అమెరికాలో జార్జియాలోని నల్లజాతివాళ్లు 1969లో మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో గ్రాన్‌బీ వీధులవాళ్లు పాడుబడ్డ ఇళ్లను అలాంటి ట్రస్టుతోనే నిలబెట్టుకున్నారు. అక్కడ వాళ్లతో పనిచేసిన అసెంబుల్ అనే డిజైనర్ల బృందానికి 2015లో బ్రిటన్ కళా బహుమతి టర్నర్ ప్రైజ్ వచ్చింది. మీ లాయరుతో ఆ పద్ధతి ఇక్కడ ఎలా కుదురుతుందో మాట్లాడు.

బ్యాంకు అప్పుకు నీ సొంత పూచీ మీద సంతకం పెడతావేమో, జాగ్రత్త. ట్రస్టు అప్పు ట్రస్టుదే. మొండిదానివి, అందరూ వెనక్కి తగ్గితే నేను పెడతానంటావు. చిన్నప్పుడూ అంతే, మిగతా పిల్లలు పారిపోతే పగిలిన కిటికీ దగ్గర నువ్వొక్కదానివే నిలబడేదానివి. దానికే నువ్వంటే నాకు ముద్దు. అయినా సరే, పెట్టకు.

నక్షలు పంపు. నేల ప్లాన్లు ఒక్కటే చాలవు, భవనాన్ని నిలువునా కోసినట్టు చూపించే సెక్షన్ కూడా కావాలి. దూలాల కొలతలు అందులో ఉండేలా చూడు. నేను చూసేదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు.

మామయ్య