నిలువు గట్టు దగ్గర ఆగే ప్రోగ్రాం

ప్రశ్న: మా వేరుశనగ చేను కొలతలతో పైథాన్‌లో బిందువు, గీత క్లాసులు (ఆబ్జెక్ట్‌లు తయారుచేసే నమూనాలు) రాశాను. గీతలో వాలు (కొసల వై తేడాను ఎక్స్ తేడాతో భాగిస్తే వచ్చేది) దాచుకుంటున్నాను. మూడు గట్లకు బాగానే ఉంది, నాలుగోదానికి జీరో డివిజన్ ఎర్రర్ వస్తోంది. చతురస్రాన్ని దీర్ఘచతురస్రానికి సబ్‌క్లాస్ (దాని గుణాలన్నీ తీసుకునే ఉప క్లాసు) చేస్తే వైశాల్యమూ తప్పుతోంది.
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: ఆ గట్టు సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉంది. రెండు కొసల ఎక్స్ ఒకటే కాబట్టి సున్నాతో భాగిస్తున్నారు. ఇఫ్ షరతు పెట్టి దాటేస్తే ఖండన బిందువు దగ్గర, లంబదూరం దగ్గర మళ్లీ అదే తంటా. వాలు మానేసి ఎ·ఎక్స్ + బి·వై + సి = 0 రూపంలో మూడు గుణకాలు దాచండి:

ఎ = వై1 − వై2
బి = ఎక్స్2 − ఎక్స్1
సి = ఎక్స్1·వై2 − ఎక్స్2·వై1

(2, 3), (2, 7) వేసి చూడండి: −4, 0, 8 వస్తాయి, అంటే ఎక్స్ = 2. భాగహారమే లేదు. రెండు గీతల ఎ1·బి2 − ఎ2·బి1 సున్నా అయితే అవి సమాంతరాలు, లేదా ఒకటే గీత. దశాంశాలతో మాత్రం నేరుగా సున్నాతో పోల్చకండి, కంప్యూటరుకు 0.1 + 0.2 కూడా 0.3 కాదు. రెండు విలువలు దాదాపు సమానమా అని చూసే మ్యాథ్ మాడ్యూల్లోని ఈజ్‌క్లోజ్ వాడండి, కానీ సున్నా దగ్గర అది పనిచేయాలంటే యాబ్స్ టాలరెన్స్ (ఎంత తేడా వరకు వదిలేయాలో చెప్పే హద్దు) మీరే ఇవ్వాలి.

ఇక చతురస్రం. వెడల్పు 5, తర్వాత పొడవు 4 అని మారిస్తే దీర్ఘచతురస్రం 20 ఇస్తుంది. మీ చతురస్రం రెండు భుజాలనూ 4 చేసేసి 16 అంటుంది. చతురస్రమూ దీర్ఘచతురస్రమే అనే లెక్కల పుస్తకం తప్పు కాదు, కొలతలను తర్వాత మార్చనివ్వడమే తప్పు. డేటాక్లాస్‌కు (విలువలు దాచే క్లాసుకు) ఫ్రోజెన్ (తర్వాత మార్చనివ్వని ఐచ్ఛికం) పెట్టి, కొత్త కొలతకు కొత్త ఆబ్జెక్ట్ చేయండి.